వరుస లెక్కలకు సూత్రము కనుగొనుట

(బోధను ప్రాంతపు రైతు కుటుంబముల యువజనుల యెదుట నిజామాబాదు పట్టణమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము గణితమును గూర్చి మీకు కొంత చెప్పవలసినదిగా మమ్ము కోరినారు. గణితమన్నంతనే మీలో కొందఱి ముఖములు చిన్నబోవుట మేము గమనించుచునే యున్నాము. బడిలో సూత్రములు వల్లెవేసి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోయినవారు మనలో పెక్కుమంది కలరు. ఈనాడు మేము మీచేత ఏ సూత్రమును వల్లె వేయింపము. ఎవరి సూత్రమును వారే కనుగొనుట ఎట్లో, దానివలన ఇంటికి కలుగు మేలేమో, అంతమాత్రమే మనవి చేయుదుము.

ముందుగా మా తప్పు నొకదానిని ఒప్పుకొని ఆరంభించుట న్యాయము.

కొన్నియేండ్ల క్రిందట ఒక చెఱకు రైతు మా యింటికి వచ్చెను. చెఱకు నాటుటకై పదివేల రూపాయలు అప్పు తెచ్చితిననియు, వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనియు, ఐదేండ్లు నిండినవనియు, ఈ మధ్య పైసయైనను చెల్లింపలేదనియు చెప్పి, ఇప్పుడెంత కట్టవలెనో లెక్క కట్టుమని అడిగెను. ఏండ్ల తరబడి తరగతిలో లెక్కలు చెప్పినవారము గదా! తడవుకొనకుండ జవాబిచ్చితిమి. ఏడాదికి వడ్డీ 2,400, ఐదేండ్లకు 12,000, అసలుతో కలిపి 22,000 రూపాయలు. ఆ రైతు ధైర్యము తెచ్చుకొని వెళ్లెను.

వారము తిరుగకమునుపే మరల వచ్చెను. "సారూ, వాళ్ల లెక్కల ఇరవై తొమ్మిదివేల మూడువందల పదహారు అయినయంట. ఏడువేలు ఎక్కువ ఎట్లయినయి?" అని అడిగెను. అప్పుడు మేము ఆ కాగితమును మొదటినుండి తుదివరకు చదివితిమి. అడుగున ఒక చిన్న పంక్తి కలదు: ఏటేటా వడ్డీని అసలులో కలుపవలెనని. వారి లెక్కలో తప్పు లేదు. తప్పంతయు మాదే. సొమ్ము ఏ పద్ధతిని పెరుగుచున్నదో అడుగకయే మేము లెక్క కట్టితిమి. సూత్రములు రెండును మాకు నోటికి వచ్చును. కాని ఏది ఎచ్చట వర్తించునో విచారింపమైతిమి.

అందుచేత ఈనాటి మా మాటలన్నిటికి మూలము ఒక్క ప్రశ్న. వరుసగా కొన్ని సంఖ్యలు కనబడినప్పుడు, ఒక అడుగునుండి మఱు అడుగునకు ఏమి జరుగుచున్నది? ప్రతి అడుగున అంతే మొత్తము కలియుచున్నదా? లేక ప్రతి అడుగున అన్నే రెట్లగుచున్నదా? అంతే కలియు వరుసను అంకశ్రేఢి యందురు. అన్నే రెట్లగు వరుసను గుణశ్రేఢి యందురు. ఈ పేర్లు మఱచినను నష్టము లేదు. ప్రశ్నను మాత్రము మఱువరాదు.

మొదట కలియు వరుసను చూతము. పొలములో చెఱకు సాళ్లు తీయుచున్నామనుకొనుడు. మొదటి సాలు గట్టునుండి 2 అడుగుల దూరమున నున్నది. సాలునకు సాలునకు నడుమ 3 అడుగులు. అనగా సాళ్లు గట్టునుండి 2, 5, 8, 11 అడుగుల దూరములలో నుండును. నలుబదియవ సాలు ఎంత దూరమున నుండును? వేళ్లు మడచి నలుబది మారులు లెక్కింపనక్కరలేదు. మొదటి సాలునుండి రెండవదానికి ఒక్క అంతరము, మూడవదానికి రెండు అంతరములు, నాలుగవదానికి మూడు. కావున నలుబదియవ సాలునకు ముప్పదితొమ్మిది అంతరములు. 39ని 3తో గుణించిన 117. దానికి మొదటి 2 కలిపిన 119 అడుగులు.

చూచితిరా? సూత్రము దానంతట అదే వచ్చినది. ఎన్నవ స్థానమో ఆ సంఖ్యనుండి ఒకటి తీసివేసి, అంతరముచేత గుణించి, మొదటి సంఖ్యను కలుపవలెను. ఆ ఒకటి ఎందుకు తీసివేయవలెనని పిల్లలు అడుగుదురు. అదియే ఇందలి కీలకము. పది కంచె గుంజల నడుమ ఖాళీలు తొమ్మిదియే గదా! గుంజలను లెక్కించువాడు ఖాళీలను మఱచినచో లెక్క ఒక అడుగు తప్పును. పరీక్షలో మార్కులు పోవుటయు, పొలములో తీగ చాలకపోవుటయు తఱచుగా ఈ ఒక్కటివలననే.

ఇక మొత్తము కట్టుట. నిజామాబాదు మార్కెట్టులో పసుపు బస్తాలను పేర్చుట మీరు చూచియే యుందురు. అడుగు వరుసలో 15 బస్తాలు, దానిపై 14, ఆపై 13, ఇట్లు ఒక్కొక్కటి తగ్గుచు పదియవ వరుసలో 6 బస్తాలు ఉన్నవనుకొనుడు. మొత్తమెన్ని? అటువంటిదే మఱియొక పేర్పును తలక్రిందులు చేసి దీని ప్రక్కన నిలిపినట్లు మనస్సులో ఊహింపుడు. 15 ఉన్న వరుస ప్రక్కన 6 వచ్చును. 14 ప్రక్కన 7 వచ్చును. 13 ప్రక్కన 8. ప్రతి వరుసలోను 21 బస్తాలే. పది వరుసలకు 210. ఇది రెండు పేర్పుల లెక్క. ఒక్క పేర్పునకు అందులో సగము, 105 బస్తాలు. మొదటిదానిని, చివరిదానిని కలిపి, వరుసల సంఖ్యతో గుణించి, సగము చేయుటయే సూత్రము.

ఈ సూత్రము మనుష్యుని శ్రమను గూడ కొలుచును. చెఱకు కొట్టి, కట్టలు కట్టి, గట్టునకు 5 గజముల కొక్కటి చొప్పున ఇరువది కట్టలను ఒకే సాలున పెట్టినామనుకొనుడు. ఒక కూలి గట్టుమీది బండికడనుండి బయలుదేరి, ఒక్కొక్క కట్టనే మోసికొని వచ్చి బండిలో వేయవలెను. మొదటి కట్టకు పోవుట, వచ్చుట కలిపి 10 గజములు; రెండవదానికి 20; ఇరువదియవ కట్టకు 200. మొదటిది, చివరిది కలిపిన 210. ఇరువదితో గుణించి సగము చేసిన 2,100 గజములు. మైలునకు 1,760 గజములు గదా! ఇరువది కట్టలకే మైలు దాటిన నడక; అందులో సగము నెత్తిన బరువుతో. బండిని సాలు నడుమకు తెచ్చినచో, అటు పది, ఇటు పది కట్టలగును. అప్పుడు నడక ఎంత తగ్గునో ఇంటికి పోయి మీరే లెక్క కట్టి చూడుడు. సగమునకు దగ్గఱగా తగ్గుట చూచి మీకే ఆశ్చర్యము కలుగును.

ఈ లెక్కలు బయటి దేశమునుండి వచ్చినవని తలపవలదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోని గణితపాదమున మనము బస్తాలతో కనుగొనిన నియమమే కలదు: ఆద్యంతములను కలిపి పదముల సంఖ్యలో సగముచేత గుణింపుమని. మొత్తము తెలిసి పదములెన్నో కనుగొనుట తరువాతి శ్లోకమున కలదు. క్రీ.శ. 629లో ఆ గ్రంథమునకు భాష్యము వ్రాసిన మొదటి భాస్కరుడు ఆర్యభటుని ఆశ్మకీయుడని పేర్కొనెను. గోదావరీ తీరపు అశ్మక జనపదమునకు రాజధానియైన పౌదన్యపురము మన బోధనే యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆర్యభటుడు పాఠము చెప్పినది కుసుమపురమున, అనగా పాటలీపుత్రమున. ఆయన ఈ వీథులలో నడచెనని మేము చెప్పజాలము. కాని ఆయన పేరుతోపాటు ఈ ప్రాంతపు పేరు పదునాలుగు శతాబ్దులుగా వినబడుచున్నదనుట మనకు సంతోషకరము. శ్రేఢి యను మాట సైతము క్రీ.శ. 1150 నాటి లీలావతీ గణితములో ఒక ప్రకరణమునకు పేరైయున్నది.

ఇప్పుడు రెట్లగు వరుసకు వత్తము. దీనికి మన చెఱకుకన్న మంచి ఉదాహరణము లేదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరపు నిర్మాణము మంజీర నీటిని ఈ నేలకు తెచ్చెను. 1937లో బోధను శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015 డిసెంబరులో అది నిలిచిపోవువఱకు ఈ ప్రాంతపు రైతుకు చెఱకు గడయే బ్రతుకు లెక్కగా నుండెను. చెఱకు ముచ్చెలతో పెరుగు పైరని మీకు తెలియును. మూడు కన్నుల ముచ్చెలు నాటు పాతపద్ధతిలో ఒక ఎకరము విత్తన చెఱకు ఎనిమిది మొదలు పది ఎకరములవఱకు సరిపోవును. లెక్క సులభమగుటకై పది యనుకొందము.

మంచి రకపు చెఱకు ఒక్క గుంట మీకు దొరకినదనుకొనుడు. దానినంతయు విత్తనముగా వాడినచో తరువాతి నాటుకు 10 గుంటలు. ఆ తరువాత 100 గుంటలు. నాలుగవ నాటుకు 1,000 గుంటలు, అనగా 25 ఎకరములు. ఇచ్చట ప్రతి అడుగున కలియునది ఒకటి కాదు; మొదట 9, తరువాత 90, ఆపై 900. కాని రెట్లు మాత్రము మాఱలేదు. నాలుగవ నాటునకు మూడు మారులే పదితో గుణించితిమి. ఇచ్చటను ఒకటి తగ్గినది. గుంజలు, ఖాళీల మాటయే మరల. కావున సూత్రము: మొదటి సంఖ్యను, స్థానమునకు ఒకటి తక్కువగా అన్ని మారులు, ఆ రెట్లచేత గుణింపవలెను.

ఈ లెక్కకు రెండవ ముఖము గూడ కలదు. ఎఱ్ఱకుళ్లు తెగులు ముచ్చెతోడనే ప్రయాణము చేయును. మొదటి గుంటలో తెగులున్నను గుర్తింపక విత్తనముగా కోసితిమేని, మంచితోపాటు చెడ్డయు నాటునాటుకు రెట్లగును. తెగులు లేని తోటనుండియే విత్తనము కోయుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు హెచ్చరించుటలోని అర్థము గుణశ్రేఢి తెలిసినవానికి ఒక్కమాటలో బోధపడును. మొదటి అడుగున ఒక్క గుంటను తీసివేయుట తేలిక. నాలుగవ అడుగున ఇరువదియైదు ఎకరములను తీసివేయుట ఎవరి తరము?

రెట్లగు వరుసకు మొత్తము కట్టుట ఎట్లు? తలక్రిందులు చేయు ఉపాయము ఇచ్చట పనిచేయదు. ఇంకొక ఉపాయము కలదు. 1, 10, 100, 1,000 కలిపిన మొత్తము కావలెను. ఆ మొత్తమును పదిరెట్లు చేయుడు. అది 10, 100, 1,000, 10,000 కలిపిన మొత్తమగును. పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయుడు. నడుమనున్నవన్నియు ఎగిరిపోయి 10,000లోనుండి 1 తీసివేయగా 9,999 మిగులును. పదిరెట్లలోనుండి ఒక రెట్టు పోయినది గనుక ఇది మన మొత్తమునకు తొమ్మిది రెట్లు. తొమ్మిదిచేత భాగించిన 1,111. చివరి సంఖ్యను రెట్లతో గుణించి, మొదటిదానిని తీసివేసి, రెట్లకు ఒకటి తక్కువైన సంఖ్యచేత భాగించుటయే సూత్రము.

చదరంగపు గడులలో మొదటిదానిలో ఒక గింజ, తరువాతిదానిలో రెండు, ఆపై నాలుగు చొప్పున అరువదినాలుగు గడులు నింపు కథను మీరు వినియుందురు. ఈ సూత్రముచేతనే ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలని తేలును. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన ఈ మహాసంఖ్యను తెలుగు పద్యమున బంధించెనని ప్రసిద్ధి. కాబట్టి ఈ లెక్క తెలుగువారికి క్రొత్త గాదు. ఎప్పుడో మన యింట నుండినదే.

సంఖ్యలు ఎదుటనున్నప్పుడు ఏ శ్రేఢియో తెలియుట ఎట్లు? ముందు ప్రక్కప్రక్క సంఖ్యల భేదములు తీసి చూడుడు. 7, 12, 17, 22 లలో భేదము ఎప్పుడును 5, ఇది అంకశ్రేఢి. 3, 6, 12, 24 లలో భేదములు 3, 6, 12. ఇవి సమానము గావు. అప్పుడు భాగించి చూడుడు, ఎచ్చటనైనను 2 వచ్చును, ఇది గుణశ్రేఢి. 1, 4, 9, 16 లలో భేదములును సమము గావు, భాగఫలములును సమము గావు. ఇది రెండింటిలో ఏదియు కాదు. దీనికి మన సూత్రములను బలవంతముగా తగిలింపరాదు.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. 1, 2, 4 అని మూడు సంఖ్యలు చూపి నాలుగవది చెప్పుమన్నచో, రెట్లగుచున్నదనువాడు 8 అనును. మొదట 1, తరువాత 2, ఆపై 3 కలియుచున్నదనువాడు 7 అనును. ఇద్దఱి మాటయు చెల్లును. కావున కొన్ని సంఖ్యలను చూచినంతనే తొందరపడరాదు. ఆ సంఖ్యలు ఎందువలన అట్లు పెరుగుచున్నవో కారణమును విచారింపవలెను. మేము ఆ రైతు విషయమున తప్పినది సరిగా ఇచ్చటనే.

కారణము తెలిసినచో పోయిన లెక్కను గూడ తిరిగి తేవచ్చును. ఒక పొదుపు సంఘము మొదటి నెలలో కొంత సొమ్ముతో మొదలుపెట్టి, ఆపై నెలనెలా సమానమైన మొత్తమును డబ్బాలో వేయుచున్నది. వాన నీటికి పుస్తకము తడిసి, మూడవ నెల చివరి నిలువ 1,300, ఎనిమిదవ నెల చివరి నిలువ 2,300 అనునవి మాత్రమే చదువ వీలైనవనుకొనుడు. మూడునుండి ఎనిమిదికి ఐదు అడుగులు. ఐదు అడుగులలో 1,000 కలిసినది, అడుగునకు 200. మూడవ నెలనుండి రెండడుగులు వెనుకకు పోయిన మొదటి నెల నిలువ 900. ఇక ఏ నెల నిలువయైనను చెప్పవచ్చును.

ఇప్పుడు ఆ రైతు కాగితమును మరల చేతికి తీసికొందము. నెలకు రెండు చొప్పున ఏడాదికి నూటికి ఇరువదినాలుగు. వడ్డీని విడిగా నుంచినచో ఏటేటా కలియునది 2,400 మాత్రమే. పదివేలు వరుసగా 12,400, 14,800, 17,200, 19,600, 22,000 అగును. వడ్డీని అసలులో కలిపినచో ఏటేటా మొత్తము 1.24 రెట్లగును. అది 12,400, 15,376, 19,066, 23,642, 29,316 అగును. మొదటి యేట రెండును ఒక్కటే యగుట గమనింపుడు. మనిషి మోసపోవునది ఆ మొదటి యేటి పోలికచేతనే. పదియేండ్లకు మొదటి పద్ధతిని 34,000. రెండవ పద్ధతిని సుమారు 85,944. వడ్డీని నెలనెలా అసలులో కలుపుదుమన్నచో ఐదేండ్లకే సుమారు 32,810 అగును. రేటు ఒక్కటే, కాలము ఒక్కటే, కలుపు పద్ధతి మాఱినంతనే సొమ్ము మాఱినది.

కావున అప్పు కాగితముమీద వ్రాలు పెట్టుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. వడ్డీ నూటికి ఎంత? అది నెలకా, ఏడాదికా? వడ్డీని అసలులో ఎప్పుడెప్పుడు కలుపుదురు? మూడవ ప్రశ్నకు జవాబు కాగితముమీద స్పష్టముగా లేనిచో వ్రాయింపుడు. చదువరాని పెద్దలు ఇంటనున్నచో బడిపిల్లలు చదివి వినిపింపవలెను. పదియవ తరగతి పుస్తకములోని శ్రేఢుల పాఠము నిజముగా ఉపయోగపడు చోటు అదియే.

గుణశ్రేఢి అప్పిచ్చువాని పక్షమున మాత్రమే పనిచేయునని నిరాశపడవలదు. పొదుపు చేయువాని పక్షమునను అది అట్లే పనిచేయును. ఏటేటా ఏడాది చివర వేయి రూపాయలు దాచి, నూటికి ఏడాదికి పది చొప్పున చక్రవడ్డీ వచ్చునని లెక్కకై అనుకొందము. ఐదవ యేటి చివర చివరగా వేసిన వేయి వేయిగానే యుండును, దాని ముందటిది 1,100, ఆ ముందటివి 1,210, 1,331, మొట్టమొదటిది 1,464.10. మన సూత్రముచొప్పున మొత్తము 6,105.10 రూపాయలు. చేతులతో కూడి సరిచూచుకొనుడు. అప్పులో మనలను భయపెట్టిన సూత్రమే ఇచ్చట మన కొలువు చేయుచున్నది.

ఆ రైతు సంగతి యేమైనదని మీరు అడుగుదురు. కాగితము కాగితమే గనుక ఆయన చెల్లింపవలసినదే చెల్లించెను. ఏడువేల రూపాయల భారమును మా నోటి తొందర తగ్గింపనూలేదు, పెంపనూలేదు. కాని ఒక వారముపాటు ఆయనకు లేని ధైర్యమును ఇచ్చిన తప్పు మాది. తరువాత ఆయన కూతురు మా కడకు వచ్చి ఈ రెండు వరుసలను నేర్చుకొనెను. ఇప్పుడా యింటికి ఏ కాగితము వచ్చినను ముందు ఆమెయే చదువునని వినుచున్నాము.

మీరును ఇంటికి పోయి, సాళ్లనో, బస్తాలనో, ఒక పాత అప్పు కాగితమునో ఎదుట పెట్టుకొని, ఆ ఒక్క ప్రశ్నను వేసికొనుడు. అంతే కలియుచున్నదా? అన్నే రెట్లగుచున్నదా? జవాబు దొరకిన పిమ్మట సూత్రము మీ చేతిలోనిదే.